మంటకు పొలిమేర తెలియదు



ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఊళ్ళో ఎవరి గడ్డివామైనా అంటుకుంటే ముందుగా వచ్చేది ఎవరు? పక్కింటివాళ్ళు. కొందరు బిందెలు పట్టుకుని పరుగెత్తుతారు. కొందరు బావి దగ్గర మోటారు వేయడానికి పోతారు. కొందరు పక్క పాకమీదికెక్కి తాటాకు పీకేస్తారు. పట్నం నుంచి ఫైరింజను బయలుదేరి, పాతిక ముప్పై కిలోమీటర్లు నడిచి, మన ఊరి మలుపు తిరిగేసరికి ఆరేది ఆరిపోతుంది, కాలేది కాలిపోతుంది. ఆ సిబ్బందిని తప్పుపట్టి లాభం లేదు. దూరం అలాంటిది.

మరి ఇరుగుపొరుగు వాళ్ళు ఎలాగూ చేస్తున్న ఈ పనిని ఒక పద్ధతిలో పెట్టి, దానికి తర్ఫీదు, బండి, చట్టం సమకూరిస్తే ఎలా ఉంటుంది? అలా చేసిన చోట్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వాటిలో ఆస్ట్రేలియా దేశపు విక్టోరియా రాష్ట్రం ఒకటి. అక్కడ పల్లెల్లో మంటలార్పేది రైతులు, బడి పంతుళ్ళు, దుకాణదారులు, మెకానిక్కులు. ఈ పనికి వాళ్ళకు జీతం లేదు. ఆ సంస్థ పేరు కంట్రీ ఫైర్ అథారిటీ. అంటే గ్రామీణ అగ్నిమాపక సంస్థ. దాని చరిత్ర ఈ పూట చెప్పుకుందాం. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు అందులో ప్రత్యేకంగా పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. మంట ఎవరి హద్దులో ఉంది, దాన్ని ఆర్పవలసింది ఎవరు అన్న ప్రశ్న ఆ చరిత్రలో పదేపదే ఎదురవుతుంది. దానికి జవాబు చెప్పడం ఆలస్యమైనప్పుడల్లా ప్రాణాలు పోయాయి.

ముందు ఆ నేల సంగతి తెలుసుకోవాలి. విక్టోరియా ఆస్ట్రేలియా ఖండానికి ఆగ్నేయ మూలన ఉంది. వైశాల్యం సుమారు 2 లక్షల 27 వేల చదరపు కిలోమీటర్లు. మన కర్ణాటక కంటే కొంత పెద్దది. అక్కడ డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు వేసవి. అడవుల నిండా యూకలిప్టస్ చెట్లు. మనవాళ్ళు జామాయిల్ అని పిలిచే చెట్టు ఆ జాతిదే. దాని ఆకులో నూనె ఉంటుంది. కింద రాలిన ఆకు, బెరడు, ఎండిన గడ్డి కలిసి మెత్తగా పరుచుకుంటాయి. ఉత్తరాన ఖండం నడిబొడ్డులో ఎడారి ఉంది. అక్కడి నుంచి వడగాలి వీచిన రోజున ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ నేలమీద వేల ఏళ్ళుగా ఉన్న ఆదివాసులకు నిప్పుతో మెలగడం తెలుసు. అదును చూసి, చిన్న చిన్న మంటలు పెట్టి, గడ్డినీ ఆకునూ కొద్దికొద్దిగా కాల్చేవారు. దానివల్ల పెద్ద మంటకు మేత దొరికేది కాదు. తరువాత ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఆ జనాన్ని ఆ నేలనుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళతోపాటు ఆ పద్ధతీ చాలాచోట్ల పోయింది. వచ్చినవాళ్ళకు ఆ వేసవి ఎలాంటిదో 1851 ఫిబ్రవరి 6న తెలిసింది. ఆ గురువారం ఒక్కరోజున విక్టోరియాలో నాలుగో వంతు నేల, అంటే దాదాపు 50 లక్షల హెక్టార్లు మంటల పాలైంది. 12 మంది మనుషులు, పది లక్షల గొర్రెలు చనిపోయాయని లెక్క.

అదే సంవత్సరం అక్కడ బంగారం బయటపడింది. గనుల చుట్టూ గుడారాలు, చెక్క ఇళ్ళు, దుకాణాలు రాత్రికి రాత్రి లేచాయి. ఒక ఇల్లంటుకుంటే వీధి అంతా పోయేది. అందుకని బల్లారట్, గీలాంగ్ వంటి పట్టణాల్లో 1850లలోనే ఊరివాళ్ళు స్వచ్ఛంద దళాలు కట్టారు. చేతిపంపులు కొన్నారు. పొగ ఎక్కడ లేచిందో చూడడానికి మంచెలు కట్టారు. మన పొలాల్లో పిట్టలను కాయడానికి మంచె కట్టినట్టే, వాళ్ళు ఊరిని కాయడానికి కట్టుకున్నారు.

1890లో ప్రభుత్వం ఒక చట్టం చేసింది. మెల్‌బోర్న్ నగరానికి ఒక అగ్నిమాపక బోర్డు, బయటి పట్టణాలకు మరో బోర్డు ఏర్పడ్డాయి. నగరంలో జీతగాళ్ళు, పట్టణాల్లో ఎక్కువగా స్వచ్ఛంద సేవకులు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ చట్టంలో పల్లె లేదు. పట్టణం పొలిమేర దాటితే బోర్డు బాధ్యత అయిపోయేది. ఆ తరువాత ఉన్న గోధుమ చేలూ, గొర్రెల బీళ్ళూ, అడవి అంచు ఊళ్ళూ ఎవరి పాట్లు వాళ్ళు పడవలసిందే.

వాళ్ళూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. పక్క పక్క రైతులు కలిసి దళాలుగా ఏర్పడ్డారు. వాటిని బుష్ ఫైర్ బ్రిగేడ్లు అనేవారు. బుష్ అంటే అక్కడి చిట్టడవి. తడిపిన గోనెసంచులు, పచ్చికొమ్మలు, పలుగూ పారా, గుర్రబ్బండి మీద ఒక నీళ్ళ పీపా. ఇవే వాళ్ళ సామాను. మంటకు ఎదురుగా కొంత దూరంలో గడ్డి చెక్కేసి, మట్టి తేలేలా ఒక బాట తీసేవారు. మేత దొరకక మంట అక్కడ ఆగేది. అడవి మంటలార్పేవాళ్ళు ఈనాటికీ చేసే అసలు పని ఇదే. నీళ్ళతో ఆర్పేది కొంతే. మంటకు దారి లేకుండా చేయడం పెద్ద పని. 1926 వేసవిలో వచ్చిన మంటల్లో 60 మంది చనిపోయారు. ఆ తరువాత ఇలాంటి దళాలు ఇంకా పెరిగాయి.

ఇప్పుడు పటం ఒకసారి ఊహించుకోండి. పట్టణం ఒక బోర్డుది. ప్రభుత్వ అడవి అటవీ కమిషన్‌ది. నగరానికి తాగునీరిచ్చే కొండలు నీటి బోర్డువి. మిగిలిన పల్లెలు పేద బ్రిగేడ్లవి. అడవి గురించి అటవీ కమిషన్‌కూ నీటి బోర్డుకూ పడేది కాదు. అదును చూసి ఆకు తగలబెట్టాలని ఒకరు, అసలు నిప్పే పెట్టకూడదని ఒకరు. ఎవరి గీతలో వాళ్ళున్నారు. మంటకు మాత్రం ఆ గీతలు కనబడవు.

1939 జనవరి 13. శుక్రవారం. అప్పటికే నెలల తరబడి వానలు లేవు. కొండల్లో ఎక్కడెక్కడో చిన్న మంటలు రోజులుగా రగులుతున్నాయి. కొన్ని రైతులు చేను శుభ్రం చేయడానికి పెట్టినవి, కొన్ని విడిదిమంటలు ఆర్పకుండా వదిలేసినవి. అది మా అడవి కాదు గదా అని వాటిని ఎవరూ పూర్తిగా ఆర్పలేదు. ఆ శుక్రవారం ఉత్తరపు గాలి లేచి వాటన్నింటినీ కలిపేసింది. 71 మంది చనిపోయారు. దాదాపు 20 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. అడవుల్లో 69 రంపపు మిల్లులు బూడిదయ్యాయి. మాట్లాక్ అనే చోట ఒక్క మిల్లు దగ్గరే 15 మంది చనిపోయారు. మిల్లుల దగ్గర నేలలో గుహలా తవ్వి, పైన మట్టి కప్పి దాగడానికి చోటు చేసుకోవాలని ముందే హెచ్చరికలున్నాయి. కొన్నిచోట్ల ఆ గుంతలు తవ్వనే లేదు.

ప్రభుత్వం విచారణకు లెనర్డ్ స్ట్రెటన్ అనే న్యాయమూర్తిని నియమించింది. ఆయన నగరంలో కూర్చోకుండా కాలిపోయిన ఊళ్ళవెంట తిరిగి, మిల్లు కూలీలనూ, రైతులనూ, అధికారులనూ ప్రశ్నించాడు. ఆయన తేల్చిన సంగతులు రెండు. మొదటిది, ఆ మంటలు మనుషుల చేతులు పెట్టినవే. రెండోది, బాధ్యత ఇంతమంది మధ్య ముక్కలై ఉండడం వల్ల మంటను ఎదుర్కొనేవాడే లేకుండా పోయాడు. ఆ ఏడాదే చట్టం మారింది. ప్రభుత్వ భూముల్లో ఎక్కడ మంట లేచినా అది అటవీ కమిషన్ బాధ్యత అన్నారు. కానీ పల్లెల సంగతి అలాగే వదిలేశారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

ఆ వదిలేసినదానికి 1944 వేసవిలో మూల్యం చెల్లించవలసివచ్చింది. చేలల్లో, బీళ్ళలో మంటలు లేచి ప్రాణాలు పోయాయి. యాలోర్న్ అనే చోట బొగ్గు గని అంటుకుంది. రాష్ట్రానికి కరెంటిచ్చే కేంద్రం ఆ గని పక్కనే ఉంది. అప్పుడు గాని ప్రభుత్వం కదలలేదు. మళ్ళీ స్ట్రెటన్‌నే విచారణకు పిలిచారు. పట్టణ దళాలనూ, పల్లె బ్రిగేడ్లనూ ఒకే సంస్థ కిందికి తేవాలని ఆయన సిఫారసు చేశాడు. అలా 1945 ఏప్రిల్ 2న కంట్రీ ఫైర్ అథారిటీ పని మొదలుపెట్టింది.

ఆ సంస్థ పల్లెలో ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఒక ఊరు లేదా నాలుగైదు పాలేలు కలిసి ఒక దళం. దానికొక షెడ్డు, అందులో ఒకటో రెండో ట్యాంకర్లు. మామూలు ట్యాంకరులో మూడు వేల లీటర్ల వరకు నీళ్ళు పడతాయి. పంపు, గొట్టాలు, పారలు దానిమీదే ఉంటాయి. నీళ్ళు అయిపోతే దగ్గరున్న చెరువులోకో, పశువుల కుంటలోకో గొట్టం వేసి లాగుకుంటారు. దళానికి ఒక కెప్టెను, కొందరు లెఫ్టినెంట్లు ఉంటారు. వీళ్ళను పైనుంచి ఎవరూ నియమించరు. సభ్యులే ఓటు వేసి ఎన్నుకుంటారు. అదీ రెండేళ్ళకోసారి. మంట దగ్గర మాత్రం ఓటింగు ఉండదు. కెప్టెను చెప్పిందే మాట.

పూర్వం షెడ్డు మీది సైరను మోగేది. లేదా ఊరి టెలిఫోను ఒకరినుంచి ఒకరికి మోగేది. తరువాత నడుముకు పెట్టుకునే పేజరు వచ్చింది. అది కూయగానే పాలు పితికేవాడు పితకడం ఆపి, దుకాణదారు తలుపు మూసి బయలుదేరతారు. మొదటి రోజుల్లో ఆడవాళ్ళకు టెలిఫోను, టీ, భోజనాలు మాత్రమే అప్పగించేవారు. కాలక్రమాన వాళ్ళూ ట్యాంకరెక్కారు, కెప్టెన్లయ్యారు. చలికాలంలో తర్ఫీదు. వేసవికి ముందు రోడ్డు పక్క గడ్డి కాల్చడం. దళానికి కావలసిన చిన్న ఖర్చులకు వాళ్ళే లాటరీ టిక్కెట్లమ్మో, సంతలో తినుబండారాలమ్మో డబ్బు పోగుచేస్తారు. విధి నిర్వహణలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇవ్వాలని చట్టంలో ఉంది.

ఒక దళం చాలని మంటకు పొరుగు దళాలు వస్తాయి. పొరుగు దళాలన్నీ కలిస్తే ఒక గ్రూపు. గ్రూపులు కలిస్తే జిల్లా. దూరం పంపవలసి వస్తే ఐదు ట్యాంకర్లు, వాటికి దారి చూపే నాయకుడి బండి కలిపి ఒక జట్టుగా పంపుతారు. నీరెండిన వేడిరోజున ఎవరూ ఆరుబయట నిప్పు రాజేయకూడదని నిషేధం ప్రకటించే అధికారమూ ఈ సంస్థకు ఉంది. రాష్ట్రం హద్దు కూడా వీళ్ళకు అడ్డం కాదు. 1994 జనవరిలో పొరుగు రాష్ట్రమైన న్యూ సౌత్ వేల్స్‌లో, సిడ్నీ చుట్టూ మంటలు లేస్తే విక్టోరియా పల్లెల ట్యాంకర్లు బారులు తీరి వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వెళ్ళాయి.

ఇక ఈ పనిలో ప్రాణాంతకమైన సంగతి ఒకటి చెప్పాలి. మంటను తోసే ఉత్తరపు వడగాలి ఎప్పుడూ అలాగే ఉండదు. పడమటి సముద్రం మీదనుంచి చల్లగాలి వచ్చి దాన్ని తోసేస్తుంది. అప్పుడు గాలి ఒక్కసారిగా నైరుతికి మారుతుంది. నైరుతి అనగానే మనకు వాన గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది. అక్కడ మంట దగ్గరున్నవాడికి అదే గండం. ఎందుకంటే, ఉత్తరపు గాలికి మంట దక్షిణంగా పొడుగ్గా సాగుతుంది. అరటాకు పరిచినట్టనుకోండి. ఆకు కొస సన్నంగా ఉంటుంది. మంట ముందుకు పోయేది ఆ కొసనే. రెండు అంచులూ పొడుగ్గా ఉన్నా నెమ్మదిగా కాలుతుంటాయి. దళాలు ఎక్కువగా ఆ అంచుల దగ్గర పనిచేస్తాయి. నైరుతి గాలి తగిలిన మరుక్షణం తూర్పు అంచు మొత్తం, కిలోమీటర్ల పొడవునా, మంటకు ముఖం అయిపోతుంది. అంతవరకు క్షేమంగా ఉన్న చోటే చావుచోటు.

1983 ఫిబ్రవరి 16న ఇదే జరిగింది. క్రైస్తవులకు అది భస్మ బుధవారం అనే పర్వదినం. విక్టోరియాలో 47 మంది, పొరుగున దక్షిణ ఆస్ట్రేలియాలో 28 మంది, మొత్తం 75 మంది ఆ ఒక్కరోజు మంటల్లో చనిపోయారు. వాళ్ళలో 17 మంది స్వచ్ఛంద అగ్నిమాపకులు. అప్పర్ బీకన్స్‌ఫీల్డ్ అనే చోట రెండు ట్యాంకర్లమీద ఉన్న 12 మంది గాలి మారగానే మంటలో చిక్కుకుపోయారు. ఆ తరువాత ట్యాంకర్ల తయారీ మారింది. సిబ్బంది మీద నీటితెర పడేలా గొట్టాలు అమర్చారు. వేడిని అడ్డే తెరలు, దుప్పట్లు వచ్చాయి.

అయినా పాఠం పూర్తి కాలేదు. 1998 డిసెంబరు 2న లింటన్ అనే ఊరి దగ్గర మంట లేచింది. అది దేశాన్ని కుదిపేసేంత పెద్ద మంట కాదు. గీలాంగ్ నుంచి దళాలు సాయానికి వెళ్ళాయి. నీళ్ళు నింపుకోవడానికి తిరిగి వస్తున్న రెండు ట్యాంకర్ల మీదికి, గాలి మారి, మంట మళ్ళింది. ఒక ట్యాంకరులోని వాళ్ళు బయటపడ్డారు. రెండోదానిలోని ఐదుగురు స్వచ్ఛంద సేవకులు చనిపోయారు. పొరుగువాళ్ళ ఊరికి సాయంగా వెళ్ళినవాళ్ళు వాళ్ళు. మరణ విచారణ చాలాకాలం నడిచి, 2002లో నివేదిక వచ్చింది. ఆ ఘటన తరువాత రెండు నియమాలు గట్టిపడ్డాయి. కనీస తర్ఫీదు పూర్తికాని వాళ్ళను మంట దగ్గరికి పంపకూడదు. ట్యాంకరులో నీళ్ళు మొత్తం మంట మీద పోయకూడదు. తమ ప్రాణం కాపాడుకోవడానికి కొంత ఎప్పుడూ మిగల్చాలి. వినడానికి చిన్న నియమం. ఎదురుగా ఒకరి ఇల్లు కాలుతుంటే నీళ్ళు మిగల్చడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే దాన్ని మనసుకు వదిలేయకుండా నియమం చేశారు.

2009 ఫిబ్రవరి 7. ఆ శనివారం మెల్‌బోర్న్‌లో ఉష్ణోగ్రత 46.4 డిగ్రీలకు చేరింది. 173 మంది చనిపోయారు. రెండు వేలకు పైగా ఇళ్ళు కాలాయి. కిల్మోర్ ఈస్ట్ దగ్గర మొదలైన ఒక్క మంటలోనే 119 మంది పోయారు. పాతబడిన కరెంటు తీగ తెగడం దానికి మూలం. ఆ సాయంత్రం కూడా గాలి నైరుతికి మారింది. ఊరివాళ్ళను కాపాడుతుండగానే తమ సొంత ఇళ్ళు కాలిపోయిన స్వచ్ఛంద సేవకులు ఆ రోజు ఉన్నారు.

2010 జూలైలో విచారణ సంఘం తుది నివేదిక ఇచ్చింది. చదువుతుంటే 1939 గుర్తుకు వస్తుంది. ప్రభుత్వ భూమి మంట ఒక శాఖది, ప్రైవేటు భూమి మంట మరో సంస్థది. మంట రెండింటిలోనూ ఉంది. ఎవరి కేంద్రం నుంచి ఆజ్ఞలు రావాలి, ముందున్న ఊళ్ళకు ఎవరు హెచ్చరిక పంపాలి అన్న అయోమయంలో కొన్ని ఊళ్ళకు హెచ్చరిక అందేలోపే మంట అందింది. డెబ్బై ఏళ్ళ తరువాత కూడా ఆ గీత పూర్తిగా చెరిగిపోలేదన్నమాట. అందుకని పెద్ద మంటలప్పుడు అన్ని సంస్థలమీదా ఒకే అధికారి ఉండాలని సిఫారసు చేశారు. ఆ పదవి ఏర్పడింది.

డబ్బు సంగతి కూడా గొడవలేనిది కాదు. దీర్ఘకాలం ఈ సంస్థ ఖర్చులో పెద్ద భాగం భీమా కంపెనీల నుంచి, మిగతాది ప్రభుత్వం నుంచి వచ్చేది. భీమా కట్టేవాడి మీద ఆ భారం పడేది. కట్టనివాడికీ ట్యాంకరు వచ్చేది. ఇది న్యాయం కాదని 2013 జూలై నుంచి ప్రతి ఆస్తి మీదా పన్ను వేశారు. 2025 జూలైలో దాని స్థానంలో మరింత పెద్ద పన్ను వచ్చింది. జీతం లేకుండా మంటలార్పేది మేమే, పన్ను కట్టేదీ మేమేనా అని రైతులు రోడ్డెక్కారు. జీతం తీసుకునే సిబ్బందికీ, స్వచ్ఛంద సేవకులకూ మధ్య అధికారం ఎవరిదన్న తగాదా కూడా ఏళ్ళపాటు నడిచింది. 2016లో ప్రభుత్వం ఈ సంస్థ బోర్డునే తొలగించేదాకా పోయింది. చివరికి 2020 జూలై 1న జీతగాళ్ళను వేరే సంస్థలోకి మార్చారు. కంట్రీ ఫైర్ అథారిటీ దళాలు స్వచ్ఛంద సేవకులవిగా మిగిలాయి. ఇప్పుడు సుమారు 1,200 దళాలు, దాదాపు 50 వేల మంది స్వచ్ఛంద సేవకులు ఉన్నారు. పల్లె కుర్రకారు పట్నాలకు వెళ్ళిపోవడం, ఉన్నవాళ్ళకు వయసు మీదపడడం ఆ సంస్థకు ఉన్న దిగులు. ఇది మనకూ తెలిసిన దిగులే. మెల్‌బోర్న్ శివార్లలో ఈనాడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ మనవాళ్ళ పిల్లలు కూడా వేసవిలో గాలి ఏ దిక్కునుంచి వీస్తోందో చూసుకుంటూ పెరుగుతున్నారు.

శ్రోతలారా, అక్కడి అడవి వేరు, మన పల్లె వేరు. అంతటి కార్చిచ్చు మన చేలల్లో రాదు. ఈ కథలోంచి మనం తీసుకోవలసింది పొలిమేర సంగతి. మన దేశంలో అగ్నిమాపక శాఖ ఏ రాష్ట్రానికా రాష్ట్రం నడుపుకునేది. హోసూరు దగ్గరి పల్లెకూ, బళ్ళారి దగ్గరి పల్లెకూ, రాయగడ దగ్గరి పల్లెకూ, సిరోంచ దగ్గరి పల్లెకూ దగ్గరలో ఉన్న ఫైర్ స్టేషను ఒక్కోసారి అవతలి రాష్ట్రంలో ఉండవచ్చు. యానాం అయితే చుట్టూ ఆంధ్రప్రదేశే. ఇలాంటి చోట మంట లేచిన తరువాత స్టేషను ఏదో వెతకడం మొదలుపెడితే ఆలస్యమే.

అందుకని వేసవికి ముందే చేసుకోదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. మన ఊరికి దగ్గరలో హద్దుకు ఇవతల ఒకటి, అవతల ఒకటి, రెండు స్టేషన్ల ఫోను నంబర్లు పంచాయతీ గోడమీద రాయించండి. 101కి గాని 112కి గాని ఫోను చేసినప్పుడు ఊరి పేరుతోపాటు మండలం లేదా తాలూకా, జిల్లా, రాష్ట్రం చెప్పండి. హద్దు దగ్గర సెల్‌ఫోను పొరుగు రాష్ట్రం టవరు అందుకుంటే ఆ పిలుపు అవతలివాళ్ళకు వెళ్ళవచ్చు. ఒకే పేరున్న ఊళ్ళు రెండువైపులా ఉంటాయి కూడా. చెరువు గట్టుకు ఫైరింజను పోయే దారి ముళ్ళకంపలతో మూసుకుపోకుండా చూడండి. గడ్డివాములు ఇళ్ళకు దూరంగా, కరెంటు తీగలకు దూరంగా వేసుకోండి. గడ్డి బండి పోయే దారిలో తీగలు వేలాడుతుంటే కరెంటు ఆఫీసులో ముందే చెప్పండి. ఊళ్ళో పదిమంది పడుచువాళ్ళు, ఎవరు నీళ్ళు చూడాలి, ఎవరు పశువులను విప్పాలి, ఎవరు ముసలివాళ్ళనూ పిల్లలనూ బయటికి తేవాలి, ఎవరు రోడ్డుమీద నిలబడి ఫైరింజనుకు దారి చూపాలి అని పంచుకుంటే మేలు. మన దేశంలోనూ 1968 నాటి పౌర రక్షణ చట్టం కింద స్వచ్ఛంద సేవకులకు చోటుంది. 2009 సవరణతో అది విపత్తులకూ వర్తిస్తుంది. ఆసక్తి ఉన్నవాళ్ళు జిల్లా కేంద్రంలో విచారించవచ్చు.

ఏటా ఏప్రిల్ 14న మన దేశంలో అగ్నిమాపక దినం జరుపుతారు. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో మందుగుండు సామాను, పత్తి ఉన్న ఓడ అంటుకుని పేలింది. ఆ మంటలార్పుతూ ప్రాణాలిచ్చిన సిబ్బంది జ్ఞాపకార్థం ఆ దినం ఏర్పడింది. ఆ వారంలో ఫైర్ స్టేషన్ల వాళ్ళు ఊళ్ళలోకి వచ్చి మంటలార్పడం చూపిస్తారు. మన ఊరికి రమ్మని అడగవచ్చు. హద్దు అవతలి ఊరివాళ్ళనూ ఆ పూటకు పిలిస్తే ఇంకా మంచిది. వాళ్ళు మాట్లాడే భాష వేరైనా సరే, గడ్డివాము అంటుకున్ననాడు ముందుగా పరుగెత్తి వచ్చేది వాళ్ళే కావచ్చు.